బలాలు బ్యాలెన్స్ కావడం లేదా? కోణం ఎక్కడి నుంచి కొలిచారో ముందు చూడండి

సమస్య: సమీకరణాలు సరిగ్గానే ఉన్నాయి, జవాబు మాత్రం కలవడం లేదు

ఇలా అయినప్పుడు చాలామంది లెక్క మొత్తం మళ్లీ మొదలుపెడతారు. వద్దు. వస్తువు మీది బలాలను బాణాలుగా చూపే ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో కోణం గుర్తు దగ్గర వేలు పెట్టి చూడండి: అది అడ్డగీతను తాకుతోందా, నిలువుగీతను తాకుతోందా? ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని వదిలేసి లెక్కలోకి దూకేస్తారు.

కారణం: "అడ్డానికి కాస్, నిలువుకి సైన్" అని బట్టీ పట్టడం. కోణం అడ్డగీత నుంచి కొలిచినప్పుడే అది నిజం. బలానికీ ఒక అక్షానికీ మధ్య కోణం ఇస్తే, ఆ అక్షానికి కాస్, రెండో అక్షానికి సైన్. గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఈ తప్పు సరిచూసుకున్నా దొరకదు, నేను బాగా దెబ్బతిన్నది అక్కడే. 10 కిలోల వస్తువును రెండు తాళ్లతో వేలాడదీశాం అనుకోండి. బరువు 98 న్యూటన్లు. ఒక తాడు అడ్డగీతతో 30 డిగ్రీలు, రెండోది 60 డిగ్రీలు. సరిగ్గా చేస్తే మొదటి తాడులో టెన్షన్ (తాడు లాగే బలం) 49, రెండోదాంట్లో 84.9 న్యూటన్లు. ఇప్పుడు సైన్, కాస్ తారుమారు చేసి చూడండి. అవే అంకెలు వస్తాయి, తాళ్లు మాత్రం మారిపోతాయి! మీరు రాసుకున్న సమీకరణాల్లో వాటిని పెడితే అడ్డం మొత్తం సున్నా, నిలువు మొత్తం సున్నా. అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నేను ఇలాంటి లెక్కనే మూడుసార్లు సరిచూసి, మూడుసార్లూ తప్పు జవాబుకే టిక్కు పెట్టాను.

పట్టుకునే దారి: అంకెలు వదిలి బొమ్మ చూడండి. ఎక్కువ నిటారుగా ఉన్న తాడే ఎక్కువ బరువు మోయాలి. 60 డిగ్రీల తాడుకి 49 వచ్చిందంటే తారుమారైనట్టే. రెండు తాళ్లూ ఒకే కోణంలో ఉంటే ఈ పోలిక పనిచేయదు. అప్పుడు కోణాన్ని 90 దాకా పెంచి ఊహించండి. తాళ్లు రెండూ నిటారుగా అయితే ఒక్కోదానికి సగం బరువే, 49 న్యూటన్లు, రావాలి. మీ సూత్రం అలా ఇవ్వకపోతే తప్పు అందులోనే ఉంది.

వాలుతలం లెక్కల్లోనూ ఇదే కథ. వాలు కోణం, బరువుకీ తలానికి లంబంగా ఉన్న గీతకీ మధ్య వచ్చి కూర్చుంటుంది. అందుకే వాలు వెంబడి సైన్, లంబంగా కాస్. అనుమానం వస్తే కోణం సున్నా పెట్టండి. చదునైన తలం మీద వస్తువును కిందికి జార్చే బలం ఉండకూడదు కదా.

సమస్య: ఘర్షణ ఎక్కువగా వస్తోంది

ఘర్షణ అభిలంబ బలం మీద, అంటే నేల వస్తువును పైకి నెట్టే బలం మీద, ఆధారపడుతుంది. అది ఎప్పుడూ బరువుకు సమానమనుకున్నారు. 98 న్యూటన్ల పెట్టెను 40 న్యూటన్లతో, నేలకు 30 డిగ్రీల పైకి లాగితే 20 న్యూటన్లు తాడే ఎత్తేస్తుంది. నేల మోసేది 78 మాత్రమే.

సమస్య: టెన్షన్ మైనస్‌లో వచ్చింది

తాడు లాగుతుందే తప్ప నెట్టదు. ప్లస్, మైనస్ గుర్తులు చూడండి. అవి సరిగ్గా ఉంటే, ఆ అమరికలో ఆ తాడు వదులైపోతుందని అర్థం.

ఇక అరుదైనవి. సైన్ 30 కొడితే 0.5 రాలేదా, కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉంది. జవాబు 2 శాతం తేడాగా ఉందా, ఎవరో గురుత్వ త్వరణాన్ని 9.8 బదులు 10 తీసుకున్నారు.