సుక్కోత్ పండుగను పర్యావరణ హితంగా జరుపుకోవడం ఎలా?

యూదుల పంటకోత పండుగ సుక్కోత్ తిష్రీ నెల 15న, ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ గడిచిన ఐదో రోజున మొదలై ఏడు రోజులు సాగుతుంది. దీనిని పర్యావరణ పరిరక్షణతో ముడిపెట్టదలచిన సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, కొత్త నినాదాలు వెతుక్కోనక్కర్లేదు. పండుగ నియమాలనే శ్రద్ధగా చదివి, నెల ముందుగా పనులు పంచుకుంటే చాలు.

మొదట పైకప్పు సంగతి చూడాలి. సుక్కా అనే తాత్కాలిక కుటీరానికి గోడలు దేనితోనైనా కట్టవచ్చు గాని, స్ఖాఖ్ అనే పైకప్పును మాత్రం నేలలో మొలిచి, నేల నుంచి కోసిన వాటితోనే వేయాలి. లోపల ఎండకన్నా నీడ ఎక్కువ ఉండాలి. రాత్రి చుక్కలు కనిపించేలా సందులు వదలడం ఆచారం. అయితే ఇందుకోసం బతికున్న చెట్లను నరకడం తగదు. ముట్టడి సమయంలో సైతం పండ్ల చెట్లను నరకవద్దని బైబిలులోని ద్వితీయోపదేశకాండము 20:19 ఆదేశిస్తుంది. వృథాను నిషేధించే బల్ తష్‌ఖీత్ సూత్రం అందులోంచే విస్తరించింది. కాబట్టి ఊరి ఉద్యానవనాల సిబ్బందితో ముందుగా మాట్లాడి, వారు ఎలాగూ కత్తిరించే కొమ్మలను అడిగి తెచ్చుకోవాలి. దుర్వాసన వచ్చేవి, ఆకులు త్వరగా రాల్చేవి పక్కన పెట్టాలి. గోడలకు వాడే గుడ్డను గాలికి ఊగకుండా బిగించి కట్టి, చట్రాన్ని విడదీసి దాచుకుంటే ఏటా పనికొస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవారి కోసం సినగాగు ఆవరణలో ఒక ఉమ్మడి సుక్కా కడితే సామగ్రి ఎంతో ఆదా అవుతుంది.

పండుగ ప్రార్థనలో చేతపట్టే ఎత్రోగ్, అంటే మాదీఫలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మచ్చలేని పండునే కోరుకోవడం వల్ల దానిపై పురుగుమందుల వాడకం పెరుగుతుంది. పండుగ తర్వాత దానితో జామ్ చేయాలనుకుంటే సేంద్రియ పద్ధతిలో పండించినదే కొనాలి. తినకపోయినా, పైతొక్కకు లవంగాలు గుచ్చి సబ్బాతు ముగింపులో చేసే హవ్దాలా ప్రార్థనకు సుగంధంగా వాడుకోవచ్చు. ఎత్రోగ్‌తో పాటు చేతపట్టే లూలావ్ అనే ఖర్జూరపు మట్టను దాచి ఉంచి, పస్కా పండుగ ముందు హమేత్స్‌ను, అంటే పులిసిన ఆహారాన్ని కాల్చే నిప్పుకు వాడే ఆచారమూ ఉంది. పారేయకుండా మరో పుణ్యకార్యానికి వాడే ఈ పద్ధతిని పిల్లలకు తప్పక చూపించాలి.

పండుగ భోజనాలు సుక్కాలో, వంటింటికి దూరంగా జరుగుతాయి కనుక వాడి పారేసే పళ్లేలు గుట్టలుగా పేరుకుపోతాయి. సినగాగు ఒకసారి గట్టి పళ్లేలు కొని, కుటుంబాలకు వంతులవారీగా ఇవ్వడం మేలు. ఎల్ఈడీ దీపాలకు టైమర్ అమర్చే పని పండుగ ప్రవేశించక ముందే పూర్తి కావాలి. పూర్వం యెరూషలేము దేవాలయంలో సుక్కోత్ రోజుల్లో జరిగే నీళ్లు తోడే ఉత్సవపు దీపాలకు యాజకుల పాత లాగులు, నడికట్లు చింపి వత్తులు చేసేవారని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెబుతుంది. పునర్వినియోగానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు కనబడలేదు.

ఈ పండుగలో లోకానికి నీటి విషయమై తీర్పు జరుగుతుందని కూడా మిష్నా అంటుంది. ఏడు రోజుల వెంటనే వచ్చే షెమినీ అత్సెరెత్ నాడు వాన కోసం ప్రార్థిస్తారు. ఆ ప్రార్థన చేసే మందిరంలో కుళాయిలు కారుతూ ఉండటం న్యాయం కాదు. వాటిని పండుగకు ముందే బాగుచేయించి, వీలైతే మందిరం పైకప్పు మీద పడే వాన నీరు పట్టే తొట్టెలు పెట్టించాలి.

సుక్కోత్‌ను విధించిన లేవీయకాండము 23వ అధ్యాయమే, పొలం అంచులను కోయక బీదలకు విడిచిపెట్టమని 22వ వచనంలో ఆజ్ఞాపిస్తుంది. అందుచేత వచ్చే అతిథుల సంఖ్య ముందే తెలుసుకుని వండాలి. మిగిలిన ఆహారాన్ని చెడిపోకముందే అవసరమైనవారికి చేర్చే బాధ్యతను ఒక బృందానికి అప్పగించాలి.

పండుగ ముగిశాక స్ఖాఖ్‌ను చెత్తబుట్టలో పడేయడం దాని గౌరవానికి తగదు. కొమ్మలకు కట్టిన ప్లాస్టిక్ తాళ్లు, అలంకరణ తీగలు పూర్తిగా విప్పి, ముక్కలు చేసి, సినగాగు తోటలో మొక్కల మొదళ్లకు పరచాలి.