మార్చి ఆడిట్ వస్తోంది, తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి

పోయిన వారం ఒక పెద్దాయన మా ప్లీడరు గారి ఆఫీసుకి ఒక జిరాక్సు కాగితం పట్టుకొచ్చాడు. కొడుకు బంగారం తాకట్టు పెట్టుకునే కంపెనీలో క్యాషియరు. లెక్కలో 4 లక్షలు తేడా వచ్చిందని రాత్రి తొమ్మిదింటికి మేనేజరు గదిలో కూర్చోబెట్టి, “సంతకం పెట్టి ఇంటికెళ్లు, మిగతాది పొద్దున చూసుకుందాం” అన్నారట. పెట్టొచ్చాడు.

ఆ కాగితం నేను వెలుతురులో పెట్టి చూశాను. సంతకం అడుగున ఉంది. పై వరసలు విశాలంగా మొదలయ్యాయి. కిందికొచ్చేసరికి చోటు చాలక చివరి మూడు వరసలు చీమల్లా ఇరుక్కుపోయాయి. దస్తూరి అబ్బాయిది కాదు. “డబ్బు నేనే వాడుకున్నాను” అన్న మాట ఆ చివరి మూడు వరసల్లోనే ఉంది. ఇప్పుడు దాన్ని జతచేసి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు.

నేను ప్లీడరు గుమాస్తాని. మార్చి ముగింపు లెక్కలప్పుడు బట్టల షాపులు, పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీలు, గోడౌన్ల నుంచి ఇలాంటి వాళ్లు ఏటా వస్తారు. మంచి లాయరును పెట్టుకోండి, ధైర్యంగా ఉండండి అని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. రాసి లేని కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టకండి.

ఎందుకో వినండి. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో రుజువుగా పనికిరాదు. భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. మీరు చెప్పిన చోట వస్తువు దొరికితే ఆ మేరకే పనికొస్తుంది. ఓనరు గదిలో రాసిచ్చిన కాగితం అలా కాదు. అది సాక్ష్యంగా కోర్టు దాకా వస్తుంది. బెదిరించి రాయించారని తేలితే పక్కన పెడతారు గానీ, తలుపులు వేసిన గదిలో జరిగినదానికి సాక్షిని ఎక్కడి నుంచి తెస్తారు? స్టేషన్‌కి భయపడి ఆ గదిలో సంతకం పెట్టేస్తారు. చట్టం మిమ్మల్ని ఎక్కువగా కాపాడేది స్టేషన్‌లోనే.

ఆడిట్‌కి ముందు చేయాల్సినవి: ఏరోజుకారోజు క్యాష్, స్టాకు లెక్క రాసి పైవాళ్ల సంతకం తీసుకోండి. తాళాలు, పాస్‌వర్డులు ఇంకొకరికి ఇచ్చినప్పుడు ఒక మెసేజ్ అయినా పంపండి. సెలవు పెట్టిన రోజున లెక్క ఎవరికి అప్పగించారో రాతలో ఉండాలి.

గదిలోకి పిలిచినప్పుడు: “ఆరోపణ రాసివ్వండి, జవాబు రాసిస్తాను” అనండి. తగ్గిన డబ్బు జీతంలో కోయాలన్నా ముందు మీ సంజాయిషీ వినాలి. మొత్తం కోతలు జీతంలో సగం దాటకూడదు. రాజీనామా రాయమంటే రాయకండి. మీ చేత్తో రాసిన రాజీనామా ఉంటే, తీసేశారని తర్వాత నిరూపించడం చాలా కష్టం. ఉద్యోగం ఎలా ముగిసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్‌లో ఉంది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది.

ఖాళీ చెక్కు కూడా తెల్లకాగితం లాంటిదే. సంతకం చేసిన ఖాళీ చెక్కు మీరే ఇచ్చి ఉంటే, అంకెలు ఎవరు నింపినా చెక్ బౌన్స్ కేసులో భారం మీ మీదే పడుతుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక స్టేషన్ సంగతి. ఉద్యోగి నమ్మకద్రోహానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయకూడదు, ముందు బీఎన్ఎస్ఎస్ (పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పద్ధతుల చట్టం) 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు.

దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదు. బీఎన్ఎస్ఎస్ 181వ సెక్షన్. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి.

అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద మాత్రం సంతకం చేయాలి. తేదీ, టైము చూసి చేయండి. మీ 24 గంటలు ఆ టైము నుంచే లెక్క. ప్రయాణ సమయం తీసేసి ఆ లోపు మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి.

అరెస్టుకు కారణం అడగండి. ఇంట్లోవాళ్లకు చెప్పమనండి. విచారణ మధ్యలో లాయరును కలుస్తానని అడగండి, ఆ హక్కు ఉంది.

ఆడవాళ్లను పొద్దుగూకాక అరెస్టు చేయాలంటే మహిళా అధికారి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి.

లాయరుకు డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆడవాళ్లకీ ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

వీడియో కాల్‌లో “అరెస్టు” అంటే ఫోన్ పెట్టేయండి. అలాంటి అరెస్టు చట్టంలో లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీకి ఇవ్వకండి.

కాగితం చివరి వరసకీ సంతకానికీ మధ్య ఖాళీ వదలకండి. గీత కొట్టండి.

ఫొటో తీసుకోనివ్వకపోతే సంతకం లేదు.

తెలియని భాషలో ఉంటే సంతకం లేదు.

“ఊరికే ఫార్మాలిటీ” అంటే అస్సలు లేదు.

ఇప్పటికే పెట్టేశారా? తెల్లారేదాకా ఆగకండి. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి, ఎన్ని కాగితాల మీద పెట్టించారో మెయిల్ రాసి ఈ రాత్రే కంపెనీకి పంపండి. చెక్కులు ఇచ్చి ఉంటే వాటి నంబర్లు కూడా రాయండి. పొద్దున అదే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.