లెక్క నోట్లో, పని చేతిలో నిలవాలంటే ఏం చేయాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తి క్వింటాలు 7,200 పలికిందనుకుందాం. తూకం 4 క్వింటాళ్ల 35 కిలోలు. పక్కన కుర్రాడు ఫోన్ తీసేలోపే పాత గుమాస్తా 31,320 అనేస్తాడు. క్వింటాలు 7,200 అంటే కిలో 72. నాలుగు క్వింటాళ్లకు 28,800, మిగతా 35 కిలోలకు 2,520. అంతే. రోజూ చేస్తాడు కాబట్టి వస్తుంది. ఏడాదిపాటు క్యాలిక్యులేటర్ చేతికిస్తే ఆయనా తడుముకుంటాడు.

1. ముందు నోటిలెక్క, తర్వాత ఫోన్. కిరాణా బిల్లు, పెట్రోలు, చిట్టీ కిస్తీ, ఏదైనా సరే. ముందు మీ జవాబు చెప్పుకుని ఆ తర్వాతే ఫోన్‌లో సరిచూసుకోండి. తప్పితే ఎక్కడ తప్పిందో ఒకసారి వెతకండి. అసలు లాభం ఆ వెతుకులాటలోనే ఉంది. కాజీపేట నుంచి కొత్త వీధికి వెళ్లేటప్పుడు కూడా ఇంతే. ముందు దారి తలలో గీసుకుని బండి తీయండి, మ్యాప్ తర్వాత చూడొచ్చు.

2. చదివింది మూసేసి చెప్పుకోండి. కొత్త పని నేర్చుకునేవాళ్లు చాలామంది అదే వీడియో మళ్లీ మళ్లీ చూస్తారు. చూసినంతసేపు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు 2006లో దీన్నే పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. అందుకే నేర్చుకున్నదాన్ని మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి చూడకుండా చేసి చూడండి. మధ్యలో కాస్త మరిచిపోయినా టెన్షన్ అక్కర్లేదు.

3. వచ్చిన పనిలోనే కొంచెం కష్టం పెంచండి. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకే అని చెప్పే అధికారిక గుర్తింపు) వచ్చింది. అక్కడ మగ్గం మీద చారలు వేయడం చెయ్యి తిరిగినవాళ్లకు కష్టం కాదు. కొత్త డిజైన్ ఎత్తుకుంటే మాత్రం ఏ రంగు పేక (అడ్డం నూలు) ఎన్ని వరసలకు మారాలో మళ్లీ లెక్కపెట్టుకోవాల్సిందే. మీ పనిలో అలాంటి కొత్త డిజైన్ ఏదో చూసుకోండి. ఇరవై ఏళ్లుగా ఒకే రకం బిల్లులు రాయడాన్ని అనుభవమంటే నేను ఒప్పుకోను.

4. ఇంకొకరికి నేర్పండి. "ఎందుకట్ల చేయాలె?" అని చిన్నోడు అడిగితే, మనకు అలవాటుగా వచ్చిందేదో, అర్థమై వచ్చిందేదో బయటపడుతుంది.

5. నడక, నిద్ర. మెదడుకు ఇవీ కావాలి. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే నడవండి, రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకోండి.

మెదడు ఆటల యాప్‌లకు డబ్బు కట్టక్కర్లేదు. వాటిలో ఆడితే ఎక్కువగా పదునెక్కేది ఆ ఆటే. అతిగా చెప్పుకున్న ప్రకటనల కేసులో, అలాంటి యాప్ నడిపే లుమోసిటీ సంస్థ 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఇంకొక్క మాట. రోజూ చేసే లెక్కే ఉన్నట్టుండి తప్పుతుంటే, తెలిసిన దారే మరిచిపోతుంటే సాధన పెంచి లాభం లేదు, డాక్టర్‌కు చూపించాలి. థైరాయిడ్ సమస్య, బి12 లోపం వల్ల కూడా మతిమరుపు వస్తుంది. రక్తపరీక్షతో తెలిసిపోతుంది, మందులూ ఉన్నాయి.