చీలమండ విరిగిందా, బెణికిందా? ఇంట్లోనే చూసుకోవాల్సినవి

శ్రీకాకుళం చుట్టుపక్కల ఉభాలు (వరినాట్లు) మొదలయ్యాయంటే మా ఎముకల వార్డుకి తడి గట్ల మీద జారిపడ్డవాళ్ళ రాక పెరుగుతుంది. చాలామంది అప్పటికే పసుపూ సున్నం పట్టించి, గుడ్డ బిగించి కట్టుకుని వస్తారు. ‘‘ఏళ్ళు కదుల్తన్నాయి గదా సిస్టరమ్మా, ఇరగలేదనుకున్నాం’’ అంటారు. నర్సుగా నేను అందరికీ చెప్పేది ఒకటే. వేళ్ళను కదిపే కండరాల్లో ముఖ్యమైనవి మోకాలి కిందే మొదలవుతాయి. చీలమండ విరిగినా వేళ్ళు కదులుతాయి. దాన్ని నమ్ముకోకండి.

చూడాల్సింది ఇలా. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. చీలమండకి రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకలున్నాయి కదా, వాటి చివర, వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల వరకూ వేలితో నొక్కండి. కండ మీద కాదు, ఎముక మీదే. తర్వాత పాదం బయటి అంచు మధ్యలో, చిటికెనవేలి వరుసలో తగిలే బుడిపె మీద, లోపలి పక్క పాదం వంపు పైభాగాన నొక్కండి. ఎక్కడైనా ఎముక మీద నొప్పి పుట్టినా, పడ్డప్పుడూ ఇప్పుడూ కుంటుతూ అయినా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నడిపించి చూడాలని బలవంతం చేయొద్దు. చిన్నపిల్లలకీ, మందు తాగి పడ్డవాళ్ళకీ, షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకీ ఈ పరీక్ష చాలదు, నేరుగా ఎక్స్‌రేకే తీసుకెళ్ళండి.

ఆడవాళ్ళయితే అన్నిటికన్నా ముందు మెట్టెలు, పట్టీలు తీసేయండి. వాపు ఎక్కాక అవి రావు, కోయాల్సి వస్తుంది. కాలి చుట్టూ దిండు పెట్టి, వదులుగా తువ్వాలుతో కట్టి, ఎత్తులో ఉంచండి. ఐసుని గుడ్డలో చుట్టి ఇరవై నిమిషాలకి మించకుండా పెట్టండి. నూనె రాసి తోమడం, లాగి సరిచేయడం వద్దు. పాదం పక్కకి తిరిగిపోయినా, వేళ్ళు చల్లబడి పాలిపోయినా, ఎముక బయటికి కనిపించినా 108కి ఫోన్ చేయండి. గాయం మీద శుభ్రమైన గుడ్డ కప్పండి. ఆపరేషన్ పడొచ్చు కనుక డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించకండి.

ఎముక జరగకపోతే పిండికట్టుతో సరిపోతుంది. కీలు పక్కకి జరిగితే ప్లేటు, స్క్రూలు వేస్తారు. వాపు తగ్గేదాకా కొన్ని రోజులు ఆపితే కంగారు పడొద్దు, ఉబ్బిన చర్మం మీద కోస్తే గాయం సరిగ్గా మానదు.

కట్టు వేసిన మొదటి రెండు రాత్రులూ నిద్రలో కూడా కనిపెట్టి ఉండండి. మాత్ర వేసినా నొప్పి పెరుగుతుంటే, వేళ్ళు మెల్లగా పైకి వంచితే ఓర్చుకోలేకపోతే, తిమ్మిరెక్కితే, రంగు మారితే తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. కట్టు లోపల వాపు నొక్కేసి కండరం చచ్చిపోయే ప్రమాదం ఉంది. పిక్క నొప్పి, ఆయాసం వచ్చినా అదే పరుగు, అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. దురదకి చీపురుపుల్ల లోపలికి దూర్చొద్దు.

ఎముక అతకడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. చుట్ట తాగేవాళ్ళకి ఇంకా ఆలస్యం. మా వైపు పెద్దమ్మలు అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే చుట్ట) మానలేమంటారు, ఈ ఆరు వారాలైనా మానమ్మా అని చేతులు పట్టుకుని అడుగుతాను. డాక్టరు చెప్పేదాకా ఆ కాలు మీద బరువు వేయకూడదు, అందుకని మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ చూసుకోండి. కట్టు విప్పాక బిగుసుకున్న కీలు ఫిజియోథెరపీతో మెల్లగా వదులవుతుంది. సాయంత్రాలు వాపు కొన్ని నెలలు ఉంటుంది, కాలు ఎత్తులో పెడితే దిగుతుంది. ఎర్రబడి వేడెక్కినా, కుట్ల దగ్గర చీము కారినా మాత్రం వెంటనే చూపించండి.