ఏళ్ళ తరబడి ఆగిపోయిన థీమ్ పార్క్ అసలు వస్తుందా రాదా, మనమే ఎలా చూసుకోవాలి

ఎప్పుడో ప్రకటించి వదిలేసిన థీమ్ పార్క్ గురించి మళ్ళీ ఒక వార్త వస్తే చాలు, అదుగో పులి అంటే ఇదుగో తోక అన్నట్టు అందరూ షేర్ చేసేస్తారు, ఈసారి పక్కా అంటారు, చుట్టుపక్కల ప్లాట్ల రేట్లు కూడా లేచిపోతాయి. కాబట్టి ఇలాంటి వార్త కనపడినప్పుడు ముందు ఏం చూడాలి, దేన్ని అస్సలు పట్టించుకోకూడదు అనేది నాకు తెలిసినంత వరకు రాస్తున్నా, ఎందుకంటే ఇందులో మునిగేది ఎక్కువగా మామూలు జనమే.

అన్నిటికంటే ముందు భూమి. రైడ్లు, కోటలు, బొమ్మలు అన్నీ తర్వాత. స్థలం ఆ కంపెనీ పేరు మీద రిజిస్టర్ అయిందా, లీజా, లేక "సేకరిస్తాం" అని మాట మాత్రమేనా చూడండి. చాలా దేశాల్లో భూమి రికార్డులు ఎవరైనా చూసుకోవచ్చు, కొంచెం ఫీజు కట్టాల్సి రావచ్చు అంతే. బీజింగ్ శివార్లలో వండర్‌ల్యాండ్ అని ఆసియాలోనే అతిపెద్ద పార్క్ కడతామని మొదలుపెట్టారు, కోట బురుజులు కూడా లేపారు, 1998లో భూమి ధర దగ్గర స్థానిక ప్రభుత్వంతో, రైతులతో తేడా వచ్చి పని ఆగింది. 2008లో మళ్ళీ మొదలుపెట్టబోయారు, కుదరలేదు. ఆ సగం కట్టిన కోట చుట్టూ రైతులు మొక్కజొన్న వేసుకున్నారు, చివరికి 2013లో మొత్తం కూలగొట్టేశారు. అంటే కాంక్రీటు కనపడుతోంది కదా అని నమ్మడానికి లేదు, దాని కింద భూమి ఎవరిదో తేలాలి.

దీనికి రివర్స్‌లో ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ దగ్గర, సినిమాలు తీసి థీమ్ పార్కులు కూడా నడిపే అమెరికా కంపెనీ యూనివర్సల్ వాళ్ళు చేశారు. పాత ఇటుకల ఫ్యాక్టరీ స్థలంతో కలిపి 476 ఎకరాలు ముందే కొనేసుకున్నారు, ఆ తర్వాతే 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో కలిసి ప్రకటించారు, 2031లో తెరుస్తామన్నారు. ఎవరైనా ముందు భూమి కొని తర్వాత నోరు విప్పారంటే నేనైతే వాళ్ళని కొంచెం ఎక్కువ నమ్ముతాను.

రెండోది పర్మిషన్. ఇక్కడే జనం బాగా పొరబడతారు, అప్లికేషన్ పెట్టడాన్ని పర్మిషన్ వచ్చేసింది అనుకుంటారు. లండన్ రిసార్ట్ అనే థీమ్ పార్క్ ప్లాన్ కథ చూడండి. కెంట్‌లో స్వాన్స్‌కూంబ్ ద్వీపకల్పం మీద కడతామని 2012లో ప్రకటించారు, మొదట 2018లో తెరుస్తామన్నారు, తర్వాత 2024 అన్నారు. 2014లో ప్రభుత్వం దీన్ని జాతీయ ప్రాముఖ్యత ఉన్న ప్రాజెక్టుల లిస్టులో పెట్టింది, అదే పెద్ద గెలుపు అనుకున్నారు, కానీ దాని అర్థం అప్లికేషన్ ఏ దారిలో వెళ్ళాలో తేలింది అనే, కట్టుకోమని కాదు. భూమిలో చాలా భాగం ఇంకా వేరేవాళ్ళ చేతుల్లోనే ఉంది, అది బలవంతంగా తీసుకునే హక్కు కూడా అదే అప్లికేషన్‌లో అడిగారు. ఇంతలో 2021 మార్చిలో నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ ప్రకృతి రక్షణ సంస్థ ఆ నేలని ప్రత్యేక రక్షణ ఉన్న సైట్‌గా ప్రకటించింది, అక్కడ అరుదైన పురుగులు, పక్షులు ఉన్నాయి, దేశంలో రెండు మూడు చోట్ల తప్ప కనపడని దూకుతూ వేటాడే ఒక చిన్న సాలీడు కూడా ఉంది. సాలీడు వల్ల పార్క్ పోయిందని చాలామంది ఇప్పటికీ తిడుతుంటారు, నాకది అన్యాయం అనిపిస్తుంది. భూమి చేతిలో లేకుండా, డబ్బు ఎక్కడినుంచో తేలకుండా పదేళ్ళు లాగారు, సాలీడు లేకపోయినా ఇంకో చోట ఆగేది. 2022 మార్చిలో అప్లికేషన్ వెనక్కి తీసుకున్నారు, 2025 జనవరిలో కోర్టు ఆ కంపెనీనే మూసేయమంది.

ఇందులో ఇంకో విషయం ఉంది. బ్రిటన్‌లో కంపెనీల లెక్కలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, అప్పు ఎంత, ఎవరికి బాకీ, లెక్కలు టైముకి వేశారా అన్నీ కనపడతాయి. లెక్కలు ఆలస్యంగా వేయడం, ఆడిటర్లు మాటిమాటికీ మారడం కనపడితే గ్రాఫిక్స్ ఎంత బాగున్నా ఆగి ఆలోచించండి. మీ దేశంలో కూడా ఇలాంటి రికార్డు ఉంటుంది, వెతకండి.

డబ్బు సంగతి అంటే ఎంత ఖర్చవుతుంది అని కాదు, అది ఎవరు పెడుతున్నారు, సంతకాలు అయ్యాయా అని. దుబాయ్‌ల్యాండ్‌లో యూనివర్సల్ పార్క్ 2007లో ప్రకటించారు, పెద్ద గేటు కట్టారు, ఆర్థిక సంక్షోభం వచ్చింది, గేటు వెనకాల ఎడారే మిగిలింది. అదే దుబాయ్‌లో సిక్స్ ఫ్లాగ్స్ అనే అమెరికా కంపెనీ పేరుతో రావాల్సిన పార్క్‌కి ఫైనాన్స్ దొరక్క 2019లో ఆపేశారు. కాబట్టి "ఇన్వెస్టర్లతో చర్చలు జరుగుతున్నాయి" అనే వాక్యం కనపడితే డబ్బు ఇంకా లేదని చదువుకోండి.

బ్రాండ్ లైసెన్స్, అంటే ఇంకో కంపెనీ పేరు, బొమ్మలు వాడుకునే హక్కు, గురించి ఎక్కువ కంగారు పడొద్దు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కొన్ని ప్రాజెక్టుల్లో సినిమా కంపెనీ పేరే ముందు వస్తుంది, దానికి విలువ లేదు. అలాగే లైసెన్స్ పోయినంత మాత్రాన అయిపోయినట్టూ కాదు. మలేషియాలో గెంటింగ్ అనే రిసార్ట్ కంపెనీ వాళ్ళ పార్క్ హాలీవుడ్ సినిమా కంపెనీ ఫాక్స్ పేరుతో రావాల్సింది, 2018లో గొడవ కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది రాజీ అయ్యారు, పేరు మార్చి 2022లో తెరిచేశారు. కొండ మీద స్థలం వాళ్ళదే, పని అప్పటికే చాలా అయింది, అందుకే నిలబడింది.

ఇక సైట్ దగ్గర ఏం చూడాలి అంటే, శంకుస్థాపన రాయి, ప్రహరీ, ఆర్చి వీటిని లెక్కలోకి తీసుకోకండి, ఇవి చవకలో అయిపోతాయి. నేల కింద పనులు చూడండి, డ్రైనేజీ పైపులు, కరెంటు సబ్‌స్టేషన్, రోడ్డు వెడల్పు చేయడం, పైల్స్, అంటే పునాది కోసం నేలలోకి లోతుగా దింపే స్తంభాలు, దింపే మెషీన్లు. రోలర్ కోస్టర్లు షాపులో దొరికేవి కాదు, ఆర్డర్ ఇచ్చాక డిజైన్, తయారీకే ఏడాదిన్నర రెండేళ్ళు పట్టొచ్చు, అందుకని వచ్చే ఏడాదే ఓపెనింగ్ అంటూ రైడ్లు ఎవరు తయారు చేస్తున్నారో కూడా చెప్పకపోతే ఆ తేదీ నిలవదు. తవ్వకాల్లో ఏం బయటపడుతుందో కూడా చెప్పలేం, కొరియాలో చున్‌చాన్ లెగోల్యాండ్ స్థలంలో కంచు యుగం నాటి అవశేషాలు బయటపడి ఏళ్ళకి ఏళ్ళు లేటైంది, 2022 మేలో తెరిచారు.

ఆలస్యం అన్నీ ఒకటి కాదు. అమెరికాలో ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ళ ఎపిక్ యూనివర్స్ పార్క్ పని 2020లో కోవిడ్ వల్ల ఆపేశారు, ఆపుతున్నామని సూటిగా చెప్పారు, 2021లో మళ్ళీ మొదలుపెట్టారు, 2025 మేలో తెరిచారు. కారణం చెప్పి ఆపినవాళ్ళు వేరు, కారణం చెప్పకుండా ఏటా తేదీని జరుపుతూ పోయేవాళ్ళు వేరు. న్యూజెర్సీలో లోపలే థీమ్ పార్క్ ఉన్న అమెరికన్ డ్రీమ్ మాల్ అయితే 2009లో డబ్బు లేక ఆగిపోయి, 2011లో ఇంకో కంపెనీ చేతికి వెళ్ళి, 2019లో తెరుచుకుంది. అందుకని ఓనర్ మారాడు అనే వార్త వస్తే దాన్ని కొట్టిపారేయకండి, కొత్తవాళ్ళకి ఇదివరకు పార్కులు నడిపిన అనుభవం ఉందా, పాత అప్పులు ఎవరి నెత్తిన పడ్డాయి అని చూడండి.

పార్క్ పేరు చెప్పి ప్లాట్ అమ్ముతుంటే, పార్క్ రాకపోయినా ఈ రేటుకి కొంటానా అని ఒకసారి అనుకోండి. ఇప్పుడు అక్కడ నీళ్ళు, రోడ్డు, బస్సు ఉన్నాయా, చుట్టుపక్కల ఈమధ్య రిజిస్టర్ అయిన రేట్లు ఎంత, బ్యాంకు ఆ ప్లాట్ మీద లోన్ ఇస్తుందా, ఈ మూడూ కనుక్కోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఉద్యోగాల పేరుతో ఇప్పుడే ఫీజులు కట్టించుకుంటుంటే మాత్రం అసలు కట్టొద్దు, సైట్‌లో పైల్స్ కూడా దిగకముందే టికెట్ కౌంటర్‌కి మనుషుల్ని ఎవరూ తీసుకోరు.