పాత ఆల్టో: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆగొచ్చు

పన్నెండు పదమూడేళ్ల ఆల్టో ఇంట్లో ఉంటే చూసినవాళ్లంతా అమ్మేయమంటారు. నేను మాత్రం ఉంచుకోమంటాను. 796 సీసీ, మూడు సిలిండర్ల ఆ ఇంజన్ పని తెలిసిన మెకానిక్ చిన్న ఊళ్లో కూడా దొరుకుతాడు, సామాను విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో తేలిగ్గా దొరుకుతుంది. ఉన్న డబ్బులు ఏ వరుసలో ఖర్చు పెట్టాలో తెలిస్తే చాలు. ముందు ఇంజన్ ప్రాణం తీసేవి, మన ప్రాణం తీసేవి చూసుకోవాలి. మిగతావన్నీ తర్వాత.

మన ఎండల్లో పాత చిన్న కారుకి అసలు శత్రువు వేడి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటుంటే ఈ రోజే మానేయండి, ఆ ఉప్పంతా సన్న గొట్టాల్లో పేరుకుని పూడుకుపోతుంది, మే నెలలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలంట్, రెడీమిక్స్ కొని పోయండి, లేదంటే డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపండి. వారానికోసారి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు చూడండి. కూలంట్ మట్టం LOW, FULL అని రాసిన గీతల మధ్య ఉండాలి. ప్రతిసారీ తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే: హోస్ క్లిప్పులు, రేడియేటర్, వాటర్ పంప్ చూపించండి. అక్కడేమీ లేకపోతే ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడండి, మీగడలాంటి తెల్లటి జిగురు బాగా కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో, ఇంజన్ హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ చూపించాల్సిందే. ఫ్యాన్ పరీక్ష ఇంకా సులువు. ఏసీ ఆపి, బండి నిలబెట్టి ఇంజన్ నడవనివ్వండి, కాసేపటికి ఫ్యాన్ దానంతటదే తిరిగి మళ్లీ ఆగాలి. తిరగకుండా ముల్లు సగం దాటితే వెంటనే ఆపేసి కరెంటు పని తెలిసినవాళ్లకు చూపించండి. దారిలో వేడెక్కితే పక్కకు తీసి ఇంజన్ ఆపండి, పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు.

ఇంకొకటి, ఇంజన్ వేడిని బట్టి కూలంట్‌ని రేడియేటర్‌కి వదిలే చిన్న వాల్వు థర్మోస్టాట్. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్" అని దాన్ని పీకేసే మెకానిక్‌లున్నారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పైగా అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

రెండోది టైమింగ్ బెల్టు, ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పేది. ఆల్టో కే10 మోడల్‌లో ఉన్నది చైన్, ఈ 796 సీసీ ఇంజన్‌లో మాత్రం బెల్టు. లక్ష కిలోమీటర్లకు మార్చాలి. సెకండ్ హ్యాండ్‌లో కొని ఎప్పుడు మార్చారో తెలియకపోతే లెక్కలు వేసుకోకుండా మార్చేయండి, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ కూడా. హైవే మీద అది తెగితే బండి అక్కడికక్కడే ఆగిపోతుంది. దీనికి మాత్రం డూప్లికేట్ సామాను వద్దు. ఫిల్టర్లు, ప్లగ్గుల విషయంలో కార్ల కంపెనీ ప్యాకింగే కావాలని పట్టుబట్టక్కర్లేదు, ఎన్‌జీకే, బాష్ లాంటివి నమ్మకంగా వేసుకోవచ్చు.

ఆయిల్ పదివేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు. పాత ఇంజన్ కొంచెం తాగుతుంది కాబట్టి మధ్యమధ్యలో ఆయిల్ స్టిక్ తీసి చూడండి.

బ్రేకుల దగ్గర బేరాలొద్దు. ప్యాడ్లు, వెనక షూలు అరిగాయేమో చూపించండి, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాట్లు బాగానే ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైరుతో హైవే ఎక్కొద్దు, స్టెప్నీ అయినా సరే.

ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి చాలామందికి టెన్షన్. మైలేజీ కాస్త తగ్గుతుంది, పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు కొంచెం ముందే పాడవొచ్చు. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా పెట్రోలు పైపులు పగుళ్లున్నాయేమో చూడమనండి, బానెట్ దగ్గర పెట్రోలు వాసనొస్తే మాత్రం సర్వీసు దాకా ఆగకండి.

సొట్టలు, పెయింటు, సీటు కవర్లు, ఏదీ పాడవకుండానే అంటగట్టే ఇంజన్ ఫ్లష్ ప్యాకేజీలు, ఇవన్నీ వాయిదా వేయొచ్చు. తుప్పు సంగతి మాత్రం వాయిదా వేయలేం. వానాకాలంలో మ్యాట్లు ఎత్తి ఆరబెట్టండి, డోర్ల అడుగునున్న రంధ్రాల్లో మట్టి తీయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉంటే అడుగుభాగం నీళ్లతో తరచూ కడిగించండి.

షెడ్డుకి ఇచ్చేటప్పుడు సామాను మీరే కొనివ్వండి, లేబరు ముందే మాట్లాడుకోండి, విప్పిన పాత పార్టులు అడిగి చూడండి. ఏ రీడింగ్ దగ్గర ఏం మార్చారో డ్యాష్‌బోర్డులో ఒక చిన్న పుస్తకం పెట్టి రాసుకోండి.

ఇక కాగితాలు. బండి విలువ బాగా పడిపోయాక ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకనుకుంటే థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవచ్చు, వెయ్యి సీసీ లోపు కారుకి 2022లో ఖరారైన రేటు ఏడాదికి రూ.2,094, జీఎస్టీ అదనం. ఆర్‌సీ పదిహేనేళ్లకు అయిపోతుంది. పాత బళ్ల మీద ఢిల్లీ చుట్టుపక్కల పెట్టిన నిబంధనలు చూసి భయపడొద్దు, మన దగ్గర ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. ఫీజు రూ.5,000, ఇరవయ్యేళ్లు దాటితే రూ.10,000, పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువుకి అరవై రోజుల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వెళ్లేముందు లైట్లు, హారన్, పొల్యూషన్ సర్టిఫికెట్ సరిచూసుకోండి, ఛాసిస్ నంబరు మీది మట్టి, తుప్పు తుడిచి అంకెలు స్పష్టంగా కనిపించేలా చేయండి.