స్నోమొబైల్ ట్రెయిలర్ సతాయిస్తోందా? సమస్య, కారణం, పరిష్కారం

మిన్నెసోటాలో 22,000 మైళ్లకు పైగా స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ట్రెయిల్స్, అంటే దారులు, ఉన్నాయి. డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా వాటి సీజన్. మినియాపొలిస్ చుట్టుపక్కల స్లెడ్ (స్నోమొబైల్‌కే మరో పేరు) కొన్న మనవాళ్లు మొదట ఓపెన్ ట్రెయిలర్ మీదే లాగుతారు. డులూత్ వెళ్లొచ్చేసరికి స్లెడ్ మీద రోడ్డు ఉప్పు తెల్లగా పేరుకుపోవడం చూశాక, మూసిన ట్రెయిలర్ కోసం వెతకడం మొదలుపెడతారు. అది మంచి నిర్ణయమే. కాకపోతే ఉప్పు సమస్య పోయి కొత్త సమస్యలు వస్తాయి.

వాటిలో చాలావరకు రెండు ప్రశ్నల దగ్గర తేలిపోతాయి. బరువు ఎక్కడ పడుతోంది? నీళ్లు ఎటు పోతున్నాయి? కొనేముందే ఈ రెండూ అడిగి చూసుకుంటే మీకు సీజన్ మధ్యలో టెన్షన్ తగ్గుతుంది.

హైవే మీద వేగం పెరగగానే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగుతోంది

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. గాలి వల్లనో, పక్క నుంచి పెద్ద లారీ వెళ్లడం వల్లనో ఊగుతోందని చాలామంది అనుకుంటారు. గాలి ఆ ఊపును మొదలుపెడుతుంది, అంతే. ఆ ఊపు ఆగకుండా పెరగడానికి అసలు కారణం హిచ్ (లాగే ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే చోటు) మీద బరువు చాలకపోవడం.

సామానుతో సహా ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద పడాలి. 4,000 పౌండ్లు లాగుతుంటే బాల్ మీద 400 నుంచి 600 పౌండ్లు ఉండాలన్నమాట. స్లెడ్ బరువులో ఎక్కువ భాగం ఇంజిన్ ఉన్న ముందువైపే ఉంటుంది. కాబట్టి వెనక స్లెడ్‌ని రివర్స్‌లో ఎక్కిస్తే ఆ బరువంతా ట్రెయిలర్ తోకలోకి పోతుంది. ఒక్క స్లెడ్‌తో వెళ్లేటప్పుడు దింపడం సులువని వెనక రాంప్ (ఎక్కించే వాలు పలక) దగ్గరే ఆపేసినా అదే జరుగుతుంది. పెట్రోలు క్యాన్లూ టూల్ బాక్సూ కూడా వెనక గోడకే ఆనించి ఉంటే ఇక చెప్పేదేముంది!

పరిష్కారం ఊహించి చేసేది కాదు, తూకం వేసి చేసేది. ట్రక్ స్టాప్‌లో పెద్ద లారీల తూకం ఉంటుంది. ముందు ట్రెయిలర్ తగిలించుకుని వెళ్లి, ట్రక్కు చక్రాల బరువు, ట్రెయిలర్ చక్రాల బరువు విడివిడిగా తీసుకోండి. తర్వాత ట్రెయిలర్ పక్కన విప్పి పెట్టి, ట్రక్కును ఒంటరిగా తూయండి. మొదటి తూకం మొత్తంలోంచి ట్రక్కు బరువు తీసేస్తే ట్రెయిలర్ అసలు బరువు తెలుస్తుంది. అందులోంచి ట్రెయిలర్ చక్రాల మీద పడ్డ బరువు తీసేస్తే మిగిలేదే హిచ్ మీది బరువు. తక్కువ వస్తే స్లెడ్‌ని ఒక అడుగు ముందుకు జరిపి మళ్లీ చూడండి. ఒక్క స్లెడ్ అయితే యాక్సిల్‌కి కొంచెం ముందు ఉంచండి. సరైన చోటు దొరికాక నేల మీద పెయింట్‌తో గీత గీసేస్తే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

దారిలో ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు తొక్కకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, ట్రక్కులో ఉండే ట్రెయిలర్ బ్రేకు కంట్రోలర్‌లో చేత్తో నొక్కే మీటతో ట్రెయిలర్ బ్రేకు మాత్రమే వేయండి. 35వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద డులూత్‌లోకి దిగే థామ్సన్ హిల్ లాంటి వాలు వచ్చేముందే వేగం తగ్గించుకోవాలి. దిగువకు జారుతున్నప్పుడు ఊపు ఆపడం కష్టం.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది. హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్లోకి కొడుతుంటే, స్టీరింగ్ తేలికైపోయినట్టు అనిపిస్తే హిచ్ మీద బరువు ఎక్కువైందని అర్థం. ట్రక్కు ముందు చక్రాలు తేలిపోతే మంచు రోడ్డు మీద బండి మన మాట వినదు. డ్రైవర్ డోరు దగ్గర ఉన్న స్టిక్కర్ చూడండి. అందులో రాసిన పేలోడ్‌లో (ట్రక్కు మోయగల బరువులో) మనుషులు, సామాన్లతోపాటు హిచ్ మీది బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

టైర్లు పేలుతున్నాయి, లేదా స్ప్రింగులు కుంగిపోయాయి

మిన్నెసోటాలో ట్రెయిలర్ మొత్తం బరువు 3,000 పౌండ్లకు చేరితే దానికి బ్రేకులు ఉండి తీరాలి. అందుకే 2,990 పౌండ్ల రేటింగ్‌తో (సామానుతో కలిపి ఉండగల గరిష్ఠ బరువు) సింగిల్ యాక్సిల్ ట్రెయిలర్లు మార్కెట్‌లో బోలెడు కనిపిస్తాయి. వాటితో లెక్క ఎలా తప్పుతుందో చూడండి. ఖాళీ బరువు 1,500 అనుకుంటే మోయగలిగేది 1,490. బ్రోషర్‌లో రాసే స్లెడ్ బరువు పెట్రోలు, ఆయిల్ లేకుండా వేసినది. ట్యాంకు నింపాక ట్రెయిల్ స్లెడ్ ఒక్కోటి 600 పౌండ్లు దాటుతుంది. రెండింటికే 1,200 పైచిలుకు పోయింది. 5 గ్యాలన్ల క్యాన్‌లో పెట్రోలే 30 పౌండ్లు. హెల్మెట్లు, సూట్లు, టూల్స్, స్లెడ్‌ల కింద అంటుకుని తిరిగొచ్చే మంచు కలిపితే ఏమీ మిగలదు.

రెండు స్లెడ్‌లు లాగేవాళ్లకు నా సలహా ఒక్కటే: రెండు యాక్సిల్స్, రెండింటికీ బ్రేకులు ఉన్నదే తీసుకోండి. 3,500 పౌండ్ల యాక్సిల్స్ రెండుంటే రేటింగ్ 7,000 దాకా వస్తుంది. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే టైరు గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అక్టోబర్‌లో నింపిన గాలి జనవరికి సరిపోదు.

రెండో స్లెడ్ లోపల పట్టట్లేదు

కొలతలు బయటి నుంచి తీసుకోవడం దీనికి కారణం. ట్రెయిల్ స్లెడ్ ముందుండే స్కీల (మంచు మీద జారే పట్టీల) దగ్గర దాదాపు 4 అడుగుల వెడల్పు ఉంటుంది. 7 అడుగుల ట్రెయిలర్‌లో రెండూ పక్కపక్కన పట్టవు. అందులో ఒకదాని వెనక ఒకటి పెట్టాలి, పొడవు 20 అడుగులు దాటాలి. పక్కపక్కనే కావాలంటే ఎనిమిదిన్నర అడుగులది తీసుకోవాలి. అందులోనూ చక్రాల డబ్బాలు లోపలికి పొడుచుకొస్తే వెడల్పు పోతుంది. నేల చక్రాలకు పైన ఉండే రకం చూడండి. టేపు పట్టుకెళ్లి డోరు ఎత్తు కూడా కొలవండి, విండ్‌షీల్డ్ తగిలేది అక్కడే. ఇంటి గరాజ్ డోరు 7 అడుగులైతే, మనిషి నిలబడగలిగే ట్రెయిలర్ ఏదీ అందులోకి వెళ్లదు. డ్రైవ్‌వేలో ట్రెయిలర్ ఉంచనివ్వని హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) చాలా ఉన్నాయి. కొనకముందే ఆ రూల్స్ చదువుకోండి.

వెనకా ముందూ రెండు రాంప్‌లు ఉంటే స్లెడ్‌ని నేరుగా ఎక్కించి నేరుగా దింపొచ్చు. చలిలో వేళ్లు మొద్దుబారిపోయి ఉన్నప్పుడు ఆ సుఖం తెలుస్తుంది. దానికి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

లోపలంతా తడి, సీటు గడ్డకట్టింది, బూజు వాసన

ట్రాక్ (స్లెడ్‌ను నడిపే రబ్బరు పట్టా) లోపలా, హుడ్ కిందా కూరుకున్న మంచుతో స్లెడ్‌ని అలాగే ఎక్కిస్తాం. ఇంజిన్ ఇంకా వేడిగా ఉంటుంది. తలుపు మూయగానే ఆ మంచు కరిగి ఆవిరై, చల్లటి అల్యూమినియం గోడ మీద నీరవుతుంది. మర్నాడు పొద్దున తలుపు తీసి పైకప్పు చూడండి. ప్రతి స్క్రూ తల మీదా ఒక తెల్లటి మంచు పూస కూర్చుని ఉంటుంది. బయటి చలిని ఆ స్క్రూ నేరుగా లోపలికి తెస్తుంది కాబట్టి తేమ ముందు అక్కడే పట్టుకుంటుంది. మధ్యాహ్నం ఎండకు ఆ పూసలన్నీ కరిగి సీట్ల మీద కారతాయి.

ఎక్కించేముందు బ్రష్‌తో, రబ్బరు సుత్తితో మంచు రాలగొట్టండి. ఎంత నీరు లోపలికి రాకుండా ఆపితే అంత మేలు. కింద ఒకటి, పైన ఒకటి గాలి కిటికీలు ఉండాలి. ఒక్కటే ఉంటే గాలి ఆడదు. ఇంటికి చేరాక ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా జాక్ ఎత్తి, వెనక రాంప్ తీసి, మిగిలిన మంచు నీళ్లు కాకముందే ఊడ్చేయండి. నేల ప్లైవుడ్ అంచులకు సీలర్ పూసి ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. నీళ్లు ముందుగా తాగేది ఆ అంచులే. స్క్రూలు కనిపించకుండా అతికించిన బయటి షీటు ఉన్న ట్రెయిలర్‌లో కారడం తక్కువ.

రాంప్ డోరు తెరుచుకోవట్లేదు

పై సమస్యకు ఇది కొనసాగింపు. కరిగిన నీళ్లు వెనక గడప దగ్గర చేరి, రబ్బరు సీలుకూ గడపకూ మధ్య గడ్డకడతాయి. గడ్డపారతో తెరవబోతే కీళ్లు వంగుతాయి. వేడినీళ్లు పోస్తే కాసేపటికి అవి కూడా గడ్డకడతాయి. డీఐసర్ (మంచుగడ్డ కరిగించే ద్రవం) గానీ, చలికి తగ్గ విండ్‌షీల్డ్ వాషర్ ద్రవం గానీ అంచు పొడవునా పోసి, కొన్ని నిమిషాలు ఆగి, అరచేత్తో తట్టండి. తర్వాత సీలును తుడిచి ఆరబెట్టి సిలికాన్ స్ప్రే వేస్తే మళ్లీ అంత తొందరగా అంటుకోదు.

నేల చీలిపోయింది, స్లెడ్ గోడకు కొట్టుకుంది

స్కీల కింద కార్బైడ్ కడ్డీలు ప్లైవుడ్‌ను రంపంలా కోస్తాయి. స్కీలు నడిచే దారిలో గట్టి ప్లాస్టిక్ పట్టీలు, ట్రాక్ నడిచే దారిలో రబ్బరు మ్యాట్ వేయండి. ట్రాక్ కింద ప్లాస్టిక్ ఉంటే అది జారుతుంది, స్లెడ్ ముందుకు కదలదు.

ముందు స్కీలను ఒక బార్‌తో నొక్కేసి అదే చాలనుకుంటే పొరపాటే. స్లెడ్ వెనక భాగం సస్పెన్షన్ మీద ఎగురుతూనే ఉంటుంది. వెనక బంపర్‌కి రెండు వైపులా రాచెట్ స్ట్రాప్ వేసి సస్పెన్షన్ కొద్దిగా కుదించుకునేంత బిగించండి. స్ట్రాప్ తగిలించే రింగు కింది ఫ్రేమ్ దాకా బోల్టు వేసి ఉండాలి. ఒట్టి ప్లైవుడ్‌లో స్క్రూలతో బిగించిన రింగు గట్టి బ్రేకు పడితే ఊడొస్తుంది.

లైట్లు మిణుకుమంటున్నాయి, చక్రం వేడెక్కుతోంది

లైట్లన్నీ కలిసి వింతగా ప్రవర్తిస్తుంటే ముందు తెల్ల వైరు చూడండి, అది గ్రౌండ్. ఉప్పుకి దాని చివర తుప్పు పట్టి ఉంటుంది. ఆ చివర గీకి శుభ్రం చేసి మళ్లీ బిగించండి.

డులూత్ దారిలో హింక్లీలో కాఫీకి ఆగినప్పుడు ప్రతి చక్రం మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బేరింగ్ అయినా పోతోంది, బ్రేకు అయినా పట్టేసి ఉంది. దాంతో ముందుకు వెళ్లొద్దు. ఏడాదికోసారి బేరింగులు తీసి కొత్త గ్రీజు పెట్టించాలి. చక్రం విప్పి పెట్టాక నట్లు మొదటి 50 మైళ్లలో మళ్లీ బిగించి చూడాలి. మంచు రోడ్డు మీద కంట్రోలర్‌లో ట్రెయిలర్ బ్రేకు గెయిన్ (బ్రేకు ఎంత గట్టిగా పడాలన్న సెట్టింగ్) తగ్గించండి, లేదంటే చక్రాలు లాక్ అయి జారతాయి.

లోపల పెట్రోలు వాసన

క్యాన్ మూతలు, ట్యాంకు మూతలు ముందు చూడండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. కింద గాలి కిటికీ ఉండాలన్నది ఇందుకే కూడా. బట్టలు మార్చుకునేందుకు లోపల ప్రొపేన్ హీటర్ వెలిగించేవాళ్లను చూస్తుంటాను. స్లెడ్‌లు, క్యాన్లు లోపల ఉండగా ఆ పని చేయకండి. ఎక్కించేటప్పుడు రెండు డోర్లూ తీసి ఉంచి, స్లెడ్ లోపలికి రాగానే ఇంజిన్ ఆపేయండి. వేడెక్కించడం కోసం లోపల ఒక్క నిమిషం కూడా నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పో కళ్లు తిరగడమో అనిపిస్తే సామాన్ల సంగతి వదిలేసి వెంటనే బయటికి వచ్చేయండి, లోపల ఉన్నవాళ్లను బయటికి తీసుకొచ్చి 911కి ఫోన్ చేయండి.